ఫ్రీ పాస్కల్: కంపైలర్ బంగారం, మాన్యువల్‌తోనే నాకు తగువు

పదేళ్ళకు పైగా వాడుతున్న దానికి ఇప్పుడు రివ్యూ ఏంటని మా ఆవిడ కూడా అడిగింది. నిజమే, ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫ్రీ పాస్కల్ (పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ నడిపే ఫైలుగా మార్చే ఉచిత కంపైలర్) ఆగిపోలేదు, ఆగిపోయింది నా ప్రోగ్రామే, అదీ ఖరీఫ్ ధాన్యం దిగే రోజుల్లో, మిల్లు గేటు బయట లారీలు వరసకట్టి ఉన్నప్పుడు. తప్పు నాదే అని ముందే ఒప్పేసుకుంటున్నా. ఆ తప్పు ఎలా చేశానో చెబితే ఈ కంపైలర్ ఎంత మంచిదో, దాని మాన్యువల్ ఎక్కడ మన చెయ్యి వదిలేస్తుందో రెండూ తెలుస్తాయి.

నేను మండపేట వైపు రైసు మిల్లులకి కాటా సాఫ్ట్‌వేర్ చేస్తుంటా. లారీ కాటా ఎక్కితే బరువు సీరియల్ పోర్టు మీదుగా కంప్యూటర్‌లోకి వస్తుంది, లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి స్లిప్పు కొడుతుంది. అంతే పని. కాలేజీ ల్యాబులో టర్బో పాస్కల్ నీలం స్క్రీన్ మీద నేర్చుకున్న చెయ్యి కాబట్టి, డబ్బులు పెట్టి డెల్ఫీ (టర్బో పాస్కల్ వారసుడు) కొనే స్తోమత అప్పట్లో లేదు కాబట్టి, ఫ్రీ పాస్కల్, దాని మీద లాజరస్ (విండోలు, బటన్లు పెట్టి ప్రోగ్రామ్ కట్టుకునే ఉచిత పనిముట్టు) పట్టుకున్నా. ఇప్పటికీ అదే. నా దగ్గర ఉన్నది 2021 మేలో వచ్చిన 3.2.2.

ముందు మంచి సంగతులు త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇవి అందరికీ తెలిసినవే. కంపైల్ వేగం గురించి చెప్పనక్కర్లేదు, నా ప్రోగ్రామ్ మొత్తం తిరిగి కట్టాలన్నా టీ గ్లాసు చేతిలోకి తీసుకునేలోపు అయిపోతుంది. చివరికి ఒకే ఎక్జిక్యూటబుల్ ఫైలు వస్తుంది, దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్ళి మిల్లులో పాత విండోస్ 7 మెషీన్ మీద పెట్టినా పరిగెడుతుంది, ఫలానా రన్‌టైమ్ కావాలి, ఫలానా ఫ్రేమ్‌వర్క్ దించుకోవాలి అని ఏడవదు. అదే కోడ్ లినక్స్‌లోనూ కంపైల్ అవుతుంది. కంపైలర్‌కి జీపీఎల్ (సోర్సు కూడా ఇవ్వాలనే) లైసెన్సు, కానీ దానితో వచ్చే లైబ్రరీలకి మినహాయింపు పెట్టారు, కాబట్టి మనం కట్టిన ప్రోగ్రామ్‌ని సోర్సు ఇవ్వకుండా అమ్ముకోవచ్చు. నాలాంటి ఒంటరి వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు. 1993లో ఫ్లోరియన్ క్లెంప్‌ఫ్ల్ అనే జర్మన్ విద్యార్థి మొదలుపెట్టిన పని ఇది. ముందు టర్బో పాస్కల్‌లోనే రాశాడు, తర్వాత తనని తానే కంపైల్ చేసుకునే దశకి తెచ్చాడు. వెర్షన్ 1.0 రావడానికి 2000 వరకు పట్టింది. అంత ఓపిక నాకు ఈ జన్మలో రాదు.

ఇక గొడవలోకి వద్దాం.

ఆ మిల్లులో ఇన్నాళ్ళూ ఒకటే కాటా. ఈసారి వెనక గేటు దగ్గర రెండోది వేయించారు. నా ప్రోగ్రామ్‌లో కాటా బరువు చూపించే విండోకి ఒక క్లాస్ (అచ్చు లాంటిది) ఉంది, దానికి రెండో ఆబ్జెక్ట్ (ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ) సృష్టించి, కాటా నంబరు 2 అని ఇచ్చేస్తే పూటలో అయిపోతుంది అనుకున్నా. బరువు మారినప్పుడల్లా కబురు చెప్పే ఆబ్జెక్ట్ మధ్యలో ఒకటుంటుంది. ఎవరికి కబురు కావాలో వాళ్ళు తమ మెథడ్‌ని (క్లాస్ లోపలి ప్రొసీజర్‌ని) దాని లిస్టులో రాయించుకోవాలి, బరువు రాగానే అది లిస్టులో ఉన్న అందర్నీ పిలుస్తుంది, ఎవరి కాటా నంబరు వాళ్ళు చూసుకుని తీసుకుంటారు. ఒకే మెథడ్ పొరపాటున రెండుసార్లు లిస్టులో పడితే స్లిప్పు రెండుసార్లు కొడుతుందని భయపడి, చేర్చేముందు 'ఇది ఇప్పటికే ఉందా' అని = గుర్తుతో పోల్చి చూసుకునేవాణ్ణి. జాగ్రత్తపరుణ్ణి కదా. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

పెట్టి ఇంటికొచ్చాక సాయంత్రం గుమస్తా గారి ఫోను. "సార్, రెండో కాటా మీద లారీ ఉందండీ, మీ స్క్రీన్ మీద సున్నా చూపిస్తందండీ." కాటా ఇండికేటర్ మీద బరువు వస్తోందా అంటే వస్తోందన్నాడు. సరే కేబుల్ అనుకున్నా. కేబుల్ మార్పించా. కాదు. యూఎస్‌బీ కన్వర్టర్ పోయిందేమో అని మర్నాడు కొత్తది కొనుక్కుని బండేసుకుని వెళ్ళా. కాదు. పోర్టు సెట్టింగులు, బాడ్ రేటు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, విడిగా టెర్మినల్ ప్రోగ్రామ్‌లో చూస్తే అంకెలు ధారగా వస్తున్నాయి. టెన్షన్ మొదలైంది. బయట లారీ డ్రైవర్లు హారన్లు.

అప్పుడు గుమస్తా గారు అన్న మాట నన్ను కాపాడింది. "సార్, నేను రెండో కాటా విండో మూసి మళ్ళీ తెరిస్తే అది పనిచేస్తందండీ, కానీ మొదటిది చచ్చిపోతందండీ." ఆయనకి ప్రోగ్రామింగ్ రాదు, కానీ ఇంతకంటే మంచి బగ్ రిపోర్టు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఒకటి బతికితే ఇంకోటి చస్తోందంటే వైర్ల సంగతి కాదు, ఇద్దరూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నారన్నమాట. అప్పుడు చూశా లిస్టుని. లిస్టులో ఒక్కటే ఎంట్రీ.

ఏం జరిగిందో చెబుతా. మామూలు ప్రొసీజర్ పాయింటర్ అంటే ఒక చిరునామా, అంతే. కానీ 'ఆఫ్ ఆబ్జెక్ట్' అని రాసే మెథడ్ పాయింటర్‌లో రెండు చిరునామాలు ఉంటాయి, ఒకటి కోడ్, రెండోది డేటా. కోడ్ అంటే ఏ పని చెయ్యాలి, డేటా అంటే ఎవరి తరఫున చెయ్యాలి, అంటే ఆ మెథడ్ లోపల సెల్ఫ్ అయ్యే ఆబ్జెక్ట్. 32 బిట్‌లో మొత్తం 8 బైట్లు, 64 బిట్‌లో 16. నా రెండు విండోలూ ఒకే క్లాస్‌వి, కాబట్టి కోడ్ ఒకటే, డేటా మాత్రం వేరు. రెండు మెథడ్ పాయింటర్లని = పెట్టి పోలిస్తే ఫ్రీ పాస్కల్ కోడ్ సగాన్ని మాత్రమే చూస్తుంది. డేటా వైపు తలతిప్పదు. అందుకని రెండో విండో వచ్చి 'నన్ను రాసుకోండి' అంటే 'నువ్వు ఇప్పటికే ఉన్నావుగా' అని పంపేసింది. అది మూసేటప్పుడు 'నన్ను తీసెయ్యండి' అంటే మొదటి విండోని తీసేసింది. మళ్ళీ తెరిస్తే లిస్టు ఖాళీగా ఉంది కాబట్టి రెండోదాన్ని ఎక్కించుకుంది. గుమస్తా గారు చెప్పింది పొల్లుపోకుండా అదే.

మరి నేను ఇంట్లో పరీక్షించలేదా అంటే, పరీక్షించా, అక్కడే ఇంకో మెలిక ఉంది. కాటా లేదు కాబట్టి, ఉత్తుత్తి బరువులు చూపించే టెస్ట్ విండో ఒకటి ఆ క్లాస్ నుంచే వారసత్వంగా తీసి, కబురు అందుకునే వర్చువల్ మెథడ్‌ని (వారసుడు మార్చుకోగలిగేదాన్ని) ఓవర్‌రైడ్ చేసి, అంటే దానికి వేరే కోడ్ రాసి పెట్టుకున్నా. వర్చువల్ మెథడ్ చిరునామా తీసుకున్నప్పుడు ఆ ఆబ్జెక్ట్ అసలు క్లాస్ ఏదో చూసి దాని కోడ్ చిరునామానే తీసుకుంటుంది. కాబట్టి నా టెస్టులో రెండు కోడ్‌లూ వేరు, = గుర్తు 'వేరు' అంది, ఇద్దరూ లిస్టులోకి చేరారు, అంతా భేషుగ్గా నడిచింది. అదృష్టం కలిసొచ్చి నడిచేది మన ప్రతిభ అనుకుంటాం చూడండి, అలా.

ఇదంతా అయ్యాక కోపంగా మాన్యువల్ తెరిచా, తిడదామని. లాంగ్వేజ్ రిఫరెన్స్ గైడ్‌లో ఉంది! మెథడ్ రకం వేరియబుల్స్ రెంటిని పోలిస్తే మెథడ్ చిరునామా మాత్రమే పోలుస్తుందని, ఆబ్జెక్ట్ పాయింటర్‌ని చూడదని, కింద బుల్లి ప్రోగ్రామ్ కూడా ఇచ్చి, ఒకే క్లాస్‌వి ఎ, బి అని రెండు ఆబ్జెక్ట్‌లు పెట్టి, పోలిస్తే ట్రూ అని అచ్చవుతుందని చూపించి మరీ, రెండూ పోల్చాలంటే ఆ రెండు చిరునామాలూ ఉండే టీమెథడ్ అనే రికార్డుగా మార్చి (టైప్‌కాస్ట్ చేసి) రెండు సగాలూ విడివిడిగా పోల్చుకోమని రాశారు. ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఏం రాస్తారు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నా.

కాసేపే. తర్వాత ఆలోచిస్తే మళ్ళీ కోపం వచ్చింది. నాకు ఈ సమస్య వచ్చినప్పుడు నేను ఆ పేజీకి ఎందుకు వెళ్తా? మెథడ్ పాయింటర్ అంటే ఏంటో నాకు తెలుసు అనుకుంటున్నవాణ్ణి, ఆ పాఠం మళ్ళీ చదవను. నేను వెళ్ళేది ఎక్కడికి? టీమెథడ్ అని వెతుకుతా. ఆర్‌టీఎల్ (కంపైలర్‌తో వచ్చే రన్‌టైమ్ లైబ్రరీ) రిఫరెన్స్‌లో ఆ పేజీ చూస్తే అది సాధారణ మెథడ్ పాయింటర్‌ని వర్ణిస్తుందని, రన్‌టైమ్ టైప్ ఇన్ఫర్మేషన్ పనుల్లో వాడతారని రెండు ముక్కలు. లేదా అసైన్డ్ (వేరియబుల్ ఖాళీగా ఉందా లేదా చెప్పే) ఫంక్షన్ పేజీకి వెళ్తా. అక్కడ ప్రొసీజర్ వేరియబుల్స్, మెథడ్ వేరియబుల్స్ కూడా ఇవ్వొచ్చు అని ఉంది, మెథడ్ వేరియబుల్ ఇస్తే రెండు సగాల్లో ఏది చూస్తుందో అక్కడ చెబితే సరిపోయేది (అదీ కోడ్ సగమే చూస్తుంది, నిల్‌తో, అంటే ఖాళీ పాయింటర్‌తో పోల్చినా అంతే). ఇంట్లో మందుల డబ్బా ఉంది సరే, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఏ అరలో ఉందో తెలియాలి కదా.

కంపైలర్ కూడా ఒక హింట్ ఇచ్చి ఉంటే బాగుండేది. వాడని వేరియబుల్ ఒకటి మిగిలిపోతే నోటు పెట్టి పొడుస్తుంది, ఇక్కడ మాత్రం గమ్మున ఉంది. ఇది నా కోరిక మాత్రమే. ఎందుకిలా పెట్టారని అడిగితే డెల్ఫీ నడిచినట్టే నడవాలి అనే జవాబు వస్తుంది, అందులో న్యాయం ఉంది. డెల్ఫీలో రెండు వైపులా @ (చిరునామా తీసే గుర్తు) పెట్టి పోల్చినా కోడ్ చిరునామాలే పోలుస్తుంది, ఆ అలవాటు మీద కట్టిన పాత కోడ్ ఎంతో ఉంది. డెల్ఫీ వాళ్ళు తర్వాతి వెర్షన్లలో టీమెథడ్ రికార్డుకే పోలిక ఆపరేటర్లు తగిలించి ఆ దారిన సర్దుకున్నారు. ఇప్పుడు = అర్థం ఉన్నట్టుండి మార్చేస్తే నాకు సంతోషమే, ఇంకెవరి మిల్లులోనో కాటా ఆగుతుంది. కాబట్టి కంపైలర్‌ని మార్చమని నేను అడగను.

మీకు ఇదే అవసరం పడితే, నేను జారిన చోట్లు చెప్తా. టీమెథడ్‌గా మార్చి, కోడ్ కోడ్‌తో, డేటా డేటాతో పోల్చి, మధ్యలో యాండ్ పెట్టాలి. ఇక్కడ రెండు పోలికలకీ విడివిడిగా బ్రాకెట్లు తప్పనిసరి, ఎందుకంటే పాస్కల్‌లో యాండ్‌కి = కంటే ప్రాధాన్యం ఎక్కువ, బ్రాకెట్లు లేకపోతే ముందు రెండు పాయింటర్లకి యాండ్ కట్టబోయి ఎర్రర్ కొడుతుంది. ఎర్రర్ కొట్టడం మంచిదే, కనీసం నోరు విప్పింది. ఇంకొందరు కంపేర్‌మెమ్ పెట్టి మొత్తం బైట్లు పోల్చేస్తారు. ఆ దారిలో వెళ్తే మీ ఫైలు ఏ మోడ్‌లో (కంపైలర్ పాస్కల్‌లో ఏ యాస పాటించాలో చెప్పే సెట్టింగు) ఉందో చూసుకోండి. ఆబ్జెఎఫ్‌పీసీ మోడ్‌లో @ పెడితే వేరియబుల్ చిరునామా వస్తుంది, డెల్ఫీ మోడ్‌లో అదే @ పెడితే వేరియబుల్ లోపలున్న కోడ్ చిరునామా వస్తుంది, వేరియబుల్ చిరునామా కావాలంటే అక్కడ @@ అని రెండు పెట్టాలి. ఒక్క గుర్తు తేడాతో బైట్లు పోల్చడం పోయి మెషీన్ కోడ్‌ని మెషీన్ కోడ్‌తో పోల్చుకుంటూ కూర్చుంటారు. పైగా డెల్ఫీ మోడ్‌లో ఆ మెథడ్ పారామీటర్లు లేని ఫంక్షన్ అయితే, @ లేకుండా పోలిస్తే రెంటినీ పిలిచేసి వచ్చిన జవాబుల్ని పోలుస్తుంది! అందుకే నేను కంపేర్‌మెమ్ జోలికి పోలేదు, రెండు టీమెథడ్‌లు తీసుకుని అవునో కాదో చెప్పే నాలుగు లైన్ల ఫంక్షన్ రాసి యూనిట్‌లో పడేశా.

తర్వాత తెలిసింది ఏంటంటే లాజరస్ వాళ్ళు ఈ పని ఎప్పుడో చేసి పెట్టారు. టీమెథడ్‌లిస్ట్ అని ఒక క్లాస్ ఉంది, అప్లికేషన్ ఐడిల్ హ్యాండ్లర్ల (ప్రోగ్రామ్ ఖాళీగా ఉన్నప్పుడు పిలిచే మెథడ్‌ల) లాంటివన్నీ లోపల దాన్నే వాడతాయి, అది కోడ్, డేటా రెండూ చూసే వెతుకుతుంది. పైగా ఫలానా ఆబ్జెక్ట్‌కి చెందిన మెథడ్‌లన్నీ ఒక్క దెబ్బలో తీసెయ్యి అనే సౌకర్యం కూడా ఉంది, విండో మూసేటప్పుడు అది పిలిస్తే చాలు. నేను చేతిరాతతో చేసిన లిస్టు మొత్తం అనవసరం అన్నమాట. ఇదీ డాక్యుమెంటేషన్ సమస్యే అంటే కాదనలేరు.

మాన్యువల్‌ని మరీ చిన్నబుచ్చుతున్నానేమో, అసలు సంగతి కూడా చెప్పాలి. యూజర్స్ గైడ్, ప్రోగ్రామర్స్ గైడ్, లాంగ్వేజ్ రిఫరెన్స్, ఆర్‌టీఎల్, ఎఫ్‌సీఎల్ (దానితో వచ్చే ఇంకో లైబ్రరీ) రిఫరెన్స్‌లు, ఇన్ని పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు. పీడీఎఫ్‌లు దించుకోవచ్చు, హెచ్‌టీఎంఎల్ ఉంది, లాజరస్‌లో ఎఫ్1 నొక్కితే వచ్చే సీహెచ్‌ఎం హెల్ప్ ఫైలు ఉంది. మిల్లులో ఇంటర్నెట్ ఉండదు, ఆ పీడీఎఫ్‌లే దిక్కు. లాంగ్వేజ్ రిఫరెన్స్‌లో ప్రతి నిర్మాణానికీ రైలు పట్టాల్లాంటి సింటాక్స్ బొమ్మలు వేశారు, అవి చూస్తే ఎక్కడ సెమికోలన్ పడాలో పదాలు చదవకుండానే తెలుస్తుంది, నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చేవి అవే. ఆర్‌టీఎల్ రిఫరెన్స్ ఒక్కటే వెయ్యి పేజీలు దాటుతుంది. ఇందులో సింహభాగం మిఖాయెల్ వాన్ కానైట్ ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చింది. అంత పని చేసిన మనిషికి దండం పెట్టకుండా ఫిర్యాదు చేయడం మర్యాద కాదు. పెట్టా.

ఫిర్యాదు ఏంటంటే ఈ పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. భాష గురించి ఒక పుస్తకం, లైబ్రరీ గురించి ఇంకోటి, టీమెథడ్ లాంటివి సరిగ్గా ఆ గట్టు మీద కూర్చుంటాయి, రెండు పొలాలకీ నీళ్ళు పెట్టే బాధ్యత ఎవరిదో తేలదు.

దీనికి మందు పెద్ద ఖరీదేం కాదు, అదే నా ఆశ. లైబ్రరీ రిఫరెన్స్‌లు ఎఫ్‌పీడాక్ అనే పనిముట్టుతో తయారవుతాయి. వివరణలు సోర్స్ కోడ్ లోపల కామెంట్లుగా కాకుండా, విడిగా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో ఉంటాయి. ప్రతి పేరుకీ ఒక చిన్న వివరణ, ఒక పెద్ద వివరణ, తప్పులు ఎప్పుడు వస్తాయో, ఉదాహరణ ఫైలు, చివర 'ఇవి కూడా చూడండి' అనే గడి. మొదట్లో నాకు ఇది నచ్చేది కాదు, కోడ్ ఒక చోట, దాని కథ ఇంకో చోట ఏంటి అని. ఇప్పుడు లాభం తెలిసింది. కంపైలర్ లోపల ఒక్క లైను ముట్టుకోకుండా, కంపైలర్ అర్థం కాకపోయినా, ఒక మామూలు వాడకందారు వచ్చి టీమెథడ్ కింద రెండు వాక్యాలు, అసైన్డ్ కింద ఒక వాక్యం చేర్చి పంపొచ్చు. 2021లో ప్రాజెక్టు మొత్తం గిట్‌ల్యాబ్‌కి (సోర్సు దాచుకుని, మార్పులు పంపుకునే సైటుకి) మారాక పంపడం కూడా తేలికైంది. లాజరస్‌లోనే ఎఫ్‌పీడాక్ ఎడిటర్ ఉంది, ఎక్స్‌ఎంఎల్ ట్యాగులు చేత్తో కొట్టక్కర్లేదు. ముందు సాధనగా నా సొంత యూనిట్లకి అందులో రాసి చూశా, సాయంత్రం ఒక గంటలో ఇరవై పేర్లకి వివరణలు అయ్యాయి. రాస్తుంటే ఇంకోటి బయటపడింది, మూడు ఫంక్షన్లు అసలు ఎందుకు ఉన్నాయో నేనే చెప్పలేకపోయా, తీసేశా.

టీమెథడ్ కోసం నేను రాసుకున్న ముసాయిదా ఇంతే: 'రెండు మెథడ్ వేరియబుల్స్‌ని = తో పోలిస్తే కోడ్ మాత్రమే పోలుస్తుంది. ఆబ్జెక్ట్ కూడా అదేనా అని తెలియాలంటే కోడ్, డేటా రెండూ పోల్చండి.' దానికి అదే బుల్లి ప్రోగ్రామ్ ఉదాహరణగా. నా ఇంగ్లీషు చూసి నేనే మూడుసార్లు దిద్దుకున్నా, ఇంకోసారి దిద్ది పంపిస్తా.

మార్కులు అంటే, కంపైలర్‌కి ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు హింట్ ఇవ్వనందుకు. మాన్యువల్‌కి మూడున్నర, వరసగా కూర్చుని చదివేవాళ్ళకైతే నాలుగు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇవ్వొచ్చా అంటే నిక్షేపంగా ఇవ్వొచ్చు, మెథడ్ పాయింటర్ల దాకా వచ్చేసరికి వాళ్ళకీ మీసాలొస్తాయి.

కాటాలు రెండూ ఇప్పుడు నడుస్తున్నాయి. కొత్త కన్వర్టర్ మాత్రం డబ్బాలోనే ఉంది, దాని బిల్లు మిల్లుకి వేయలేదు. ఇంతకీ ఏమైందండీ అని గుమస్తా గారు అడిగితే, అంతమంది డ్రైవర్ల ముందు, కేబుల్ లూజండీ అని చెప్పేశా.